సేవ్ చెయ్యని దారి

మా తమ్ముడి ఉద్యోగం దారి చెప్పడం. ఈ సంగతి తెలిసినవాళ్ళెవరైనా వాడితో కలిసి బజారుకు వెళితే నవ్వాపుకోలేరు. సొంత వీధి చివర నిలబడి కుడికా ఎడమకా అని నా మొహం చూసే మనిషి వాడు. అలాంటివాడు పెద్దాసుపత్రిలో వందల కంప్యూటర్లకు ఎటు నుంచి ఎటు పోవాలో నేర్పేవాడు. అక్కడ వాణ్ణి తీగలాయన అంటారు. ఆపరేషన్ల వార్డు హెడ్ నర్సు పెట్టిన పేరది. ఆ పేరు విన్న రోజున వాడు మొహం మాడ్చుకుని ఇంటికొచ్చి, తన చదువుకీ తీగలకీ సంబంధమే లేదని, తీగలు లాగేవాళ్ళు వేరే ఉంటారని నాకు టీ చల్లారిపోయేదాకా చెప్పాడు. అంతా విని, "సరేలే తీగలాయనా, కప్పు ఇటివ్వు" అన్నాను. అప్పటినుంచి ఇంట్లోనూ అదే పేరు.

నాకీ నెట్‌వర్కుల గొడవ ఏమిటని మీరనుకోవచ్చు, కందకు లేని దురద కత్తిపీటకెందుకని. మా ఆయన అదే ఆసుపత్రిలో ఎలక్ట్రీషియను. తమ్ముడు పెళ్ళయ్యేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు. ఒకే బల్ల దగ్గర ఒకరు కరెంటు గురించి, ఇంకొకరు నెట్‌వర్కు గురించి మాట్లాడుతుంటే, మధ్యలో నిలబడి వడ్డించే మనిషికి రెండూ కాస్తో కూస్తో వంటబడతాయి. ఆ ఉద్యోగం వాడికి చూపించింది కూడా మా ఆయనే. ఇంటర్వ్యూకు తన చొక్కా ఇచ్చి పంపారు. ఆయన చొక్కాలన్నిటికీ జేబు పక్కన టెస్టరు పెట్టుకోవడానికి నేను సన్నటి అర ఒకటి కుట్టేదాన్ని. అందులో పెన్ను పెట్టుకో, ఎవరికీ తెలీదు అని చెప్పి పంపారు.

మా తమ్ముడు జాగ్రత్తపరుడు. చిన్నప్పుడు లెక్కలు ముందు పెన్సిలుతో చేసి, మళ్ళీ మళ్ళీ సరిచూసుకుని, ఆ తర్వాతే వాటిమీద సిరాతో దిద్దేవాడు. పెళ్ళికి ఒప్పుకోవడానికి కూడా ఒక పూట ఆలోచించి చెప్తానన్నాడు. ఆ పూట మా మరదలు ఇంకా మర్చిపోలేదు, కోపం వచ్చినప్పుడల్లా దాన్ని బయటికి తీస్తుంది. ఇంత జాగ్రత్త మనిషి ఉద్యోగంలో ఒకే ఒక్క పెద్ద పొరపాటు చేశాడు, అదీ ఆ జాగ్రత్తలోంచే పుట్టింది. దాన్ని మోసింది మాత్రం వాడు కాదు.

ఆసుపత్రిలో పాత భవనం, కొత్త భవనం, మందుల గోడౌను ఉండేవి. ఒక్కోదాంట్లో ఉన్న కంప్యూటర్లు ఒక్కో పేట అనుకోండి. ఒక పేటవాళ్ళు తమలో తాము మాట్లాడుకోగలరు. పక్క పేటకు కబురు పంపాలంటే మధ్యలో కూడలి కావాలి. ఆ కూడలి ఒక పెట్టె. దాన్ని స్విచ్చు అంటారు, గోడ మీద నొక్కేది కాదు. ఇనప చట్రంలో పడుకోబెట్టి ఉంటుంది, ఒంటినిండా తీగలు, తీగ తీగకూ ఒక పచ్చ దీపం. దాని లోపల ఒక పట్టిక. ఫలానా పేటకు వెళ్ళాలంటే ఫలానా తీగ పట్టుకో అని, ఒక్కో వరుసలో ఒక్కో దారి. పట్టికలో లేని చోటికి కబురు వస్తే అది పాపం విసుక్కోదు. ఆసుపత్రి బయటికి పోయే గేటు ఒకటుంటుంది కదా, అటు తోసేస్తుంది. బయట ఆ కబురు ఎవరిదో ఎవరికీ తెలీదు, అక్కడితో దాని కథ ముగిసిపోతుంది.

ఆ దారులన్నీ మా తమ్ముడు స్వయంగా రాసినవే. తమంతట తామే దారులు కనుక్కునే పద్ధతులూ ఉన్నాయట. వాడికి వాటిమీద నమ్మకం లేదు, ఆసుపత్రిలో కబురు నేను చెప్పిన దారినే పోవాలి అనేవాడు. అయితే ఆ రాయడంలో ఒక మెలిక ఉంది. ఆ పెట్టెకు రెండు జ్ఞాపకాలు. ఒకటి నడుస్తున్నంతసేపు తలలో పెట్టుకునేది. రెండోది కరెంటు పోయినా చెరిగిపోనిది. కొత్త దారి టైపు చెయ్యగానే మొదటి జ్ఞాపకంలోకి పోతుంది, వెంటనే పని మొదలవుతుంది. రెండోదాంట్లోకి ఎక్కాలంటే విడిగా సేవ్ చెయ్యాలి. చెయ్యకపోతే తేడా ఏమీ కనిపించదు. ఆ పెట్టె ఎప్పుడైనా ఆగి మళ్ళీ లేచినప్పుడే కనిపిస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా తమ్ముడు ఒక దారి తప్పు రాశాడు. తన కంప్యూటరు నుంచి ఆ పెట్టె దగ్గరకు వెళ్ళే దారినే తెంచేసుకున్నాడు. తాళంచెవి లోపలే వదిలేసి బయట తాళం వేసుకున్నట్టయింది. వాడు చెమటలు కక్కుకుంటూ నిలబడితే, మా ఆయన వచ్చి సంగతేమిటని అడిగి, సేవ్ చేశావా అన్నారు. లేదన్నాడు. అయితే బతికిపోయావు అని, చట్రం వెనక చెయ్యి పెట్టి ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టారు. పెట్టె పాత పట్టికతో లేచి కూర్చుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర బావ చేతి మహిమ అని ఒకటే పొగడ్త. అప్పటినుంచి వాడికి ఒక అలవాటు పడింది. కొత్త దారి టైపు చేస్తాడు, ఒక పూట నడవనిస్తాడు, అంతా బాగుంటేనే సేవ్ చేస్తాడు. పెన్సిలు తర్వాతే సిరా.

కరెంటు దగ్గర మా ఆయనకూ ఒక నియమం ఉండేది. పని చేసేటప్పుడు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకునేవారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందని ఆయనకు పని నేర్పిన మేస్త్రీ చెప్పాడట. నిచ్చెన మీదున్నా సరే, ఎడమచెయ్యి నడుం వెనక, కుడిచేతిలో టెస్టరు, దాని తలమీద బొటనవేలు. బొటనవేలు ఆనితేగాని టెస్టరులో దీపం వెలగదు. ఆసుపత్రిలో ఏ మూల దీపం మిణుకుమన్నా, ఏ మోటారు మూలిగినా, ముందు ఆయన్నే పిలిచేవారు. నేను ఏదైనా పెళ్ళికో పేరంటానికో వెళదామంటే, ఆసుపత్రి నన్ను వదిలితే కదా అనేవారు. అనడంలో కొంచెం గర్వం ఉండేది. ఉండనీ, ఆ గర్వం ఆయనకు బాగుండేది.

తర్వాత ఆసుపత్రికి కొత్తగా ల్యాబు భవనం కట్టారు. రక్తపరీక్షలన్నీ అక్కడికి మారాయి. ఆపరేషన్లు మాత్రం పాత భవనంలోనే. పాత భవనం నుంచి కొత్త ల్యాబుకు దారి రాయాల్సింది మా తమ్ముడు. ప్రారంభం రోజు పొద్దున రాశాడు. పాత భవనంలో డాక్టరు తెర మీద మొదటి పరీక్ష ఫలితం కనిపించింది, అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద డాక్టరు వాడి భుజం మీద చెయ్యి వేసి భోజనానికి తీసుకెళ్ళారు. ఆయన అంతమందిలో వాడి భుజం మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. ఇంటికొచ్చి ఆ చెయ్యి గురించే చెప్పాడు. సాయంత్రం సేవ్ చెయ్యాలన్న సంగతి ఆ చెయ్యి కింద ఎక్కడో నలిగిపోయింది.

మర్చిపోయినట్టు వాడితో సహా ఎవరికీ తెలీదు కదా. దారి నడుస్తోంది, పచ్చ దీపాలు వెలుగుతున్నాయి. నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదు అన్నది వాళ్ళ వృత్తిలో వేదవాక్కు. కరెంటు పోయినా పెట్టె ఆగకుండా కింద బ్యాటరీలు ఉండేవి, వాటిని చూసుకునేది మా ఆయన. ఆయన ఎంత బాగా చూసుకున్నారంటే, ఆ పెట్టె ఏడాది దాటినా ఒక్కసారి కూడా కన్ను మూయలేదు. నేను అప్పుడప్పుడూ అనుకుంటాను, ఈయన కొంచెం బద్ధకస్తుడై, మధ్యలో ఎప్పుడో కరెంటు పోయి ఉంటే, ప్రారంభమైన వారంలోనే ఆ పొరపాటు బయటపడి ఉండేది. వాడు నాలిక్కరుచుకుని మళ్ళీ టైపు చేసి ఉండేవాడు. అంతటితో పోయేది.

బ్యాటరీలు ఉబ్బాయి. మార్చాలంటే పెట్టెను కాసేపు ఆపాలి. మా ఆయన బావమరిదిని అడిగారు. ఆదివారం పొద్దున చేసుకో బావా, ఆ రోజు ఆపరేషన్లు ఉండవు, పెట్టె ఎలా పడుకుందో అలాగే లేస్తుంది అన్నాడు వాడు. మా ఆయన అలాగే చేశారు. పచ్చ దీపాలన్నీ వెలిగాయని చూసుకుని, ఇంటికొచ్చి స్నానం చేసి, నాతో కలిసి కూరగాయలకు వచ్చారు. చాలా మామూలు ఆదివారం అది.

సోమవారం పొద్దున పాత భవనంలో ఆపరేషన్లకు సిద్ధం చేసిన రోగుల రక్తపరీక్షలు ఒక్కటీ తెరమీదకు రాలేదు. ల్యాబు వాళ్ళు పంపామంటారు, వార్డు వాళ్ళు అందలేదంటారు. కాగితాల మీద రాసి పంపడం మొదలుపెట్టేసరికి ఏది ఎవరిదో తారుమారైంది. ఇలా అయితే ఎవరి ఒంట్లోకి ఎవరి రక్తం ఎక్కిస్తామో అని పెద్ద డాక్టరు ఆ పూట ఆపరేషన్లన్నీ ఆపేయించారు. రాత్రి నుంచి ఏమీ తినని ఒక చిన్నపిల్ల మంచం మీద కూర్చుని నీళ్ళు నీళ్ళు అని ఏడుస్తుంటే, ఇవ్వాలో వద్దో చెప్పేవాళ్ళు లేక ఆ తల్లి కనిపించిన ప్రతివాళ్ళనీ పట్టుకుని అడిగింది. మా ఆయన ఆ వరండాలోనే ఉన్నారు. ఆయన్ని కూడా అడిగింది.

మా తమ్ముడు పొద్దంతా వెతికాడు. ముందు తీగలు చూశాడు. తర్వాత ల్యాబులో పెట్టె చూశాడు. పట్టిక తను రాసింది కాబట్టి దాన్ని ఆఖర్న చూశాడు. మిగతా దారులన్నీ ఉన్నాయి, ల్యాబుకు వెళ్ళే వరుస ఒక్కటే లేదు. కబుర్లన్నీ బయటి గేటు వైపు పోతున్నాయి. వాడు ఆ వరుస మళ్ళీ టైపు చేసి, ఈసారి వెంటనే సేవ్ చేశాడు. తెరలు వెలిగాయి. ముందు ఏమైందో తెలుసుకునే ఆనవాలు కూడా ఆ సేవ్‌తోనే చెరిగిపోయింది.

పెద్ద డాక్టరు గదిలో విచారణ పెట్టారు. లోపలికి వెళ్ళే ముందు వరండాలో మా ఆయన వాణ్ణి పక్కకు పిలిచి ఒకే ఒక్క మాట అడిగారు.

"ఆ దారి సేవ్ చేశావు కదా?"

"అదేంటి బావా, చెయ్యకుండా ఉంటానా?" అన్నాడు వాడు. కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

అబద్ధం ఆడలేదు. చేశాననే అనుకున్నాడు. మనం రోజూ చేసే పని ఒక్కరోజు చెయ్యకపోయినా, చేసినట్టే గుర్తుంటుంది. తలుపు గొళ్ళెం పెట్టామా లేదా అని దారి మధ్యలో ఆగి తల బాదుకునేది అందుకే. మా తమ్ముడు ఆగలేదు. లోపల పెద్ద డాక్టరు అడిగినప్పుడు, బ్యాటరీలు మార్చేటప్పుడు కరెంటు ఎగుడుదిగుడు వల్ల పట్టిక దెబ్బతిని ఉంటుందని చెప్పాడు. వాడు నెమ్మదిగా, ఆచితూచి మాట్లాడతాడు. అలా మాట్లాడేవాళ్ళని జనం నమ్ముతారు. అందరూ మా ఆయన వైపు తిరిగారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడింది.

ఈయన గట్టిగా కాదని ఉంటే బాగుండేది. కాదనలేదు. వాడు సేవ్ చేశానన్నాడంటే చేసే ఉంటాడు, అయితే తప్పు నా చేతిదే, ఎక్కడో తీగ తగిలించడంలో చెయ్యి జారి ఉంటుంది అన్నారు. తనను తాను అనుమానించుకోవడం ఆయనకు వాణ్ణి అనుమానించడం కంటే తేలికైంది. ఆ సాయంత్రం వాడి ఇంటికి వెళ్ళి, నలుగురిలో నీ పని చెడగొట్టాను, ఏమీ అనుకోకు అని కూడా చెప్పారు. మా తమ్ముడు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలే బావా. ఎవరికైనా జరుగుతుంది. నేనేం మనసులో పెట్టుకోను" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నా తమ్ముడు ఎంత మంచివాడు అనుకున్నాను.

ఆసుపత్రి ఆయన్ని ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఆయనే కొంచెం కొంచెంగా తప్పుకున్నారు. మొదట ఆ చట్రం ఉన్న గదిలోకి వెళ్ళడం మానేశారు. తర్వాత ఆపరేషన్ల భవనంలో పనంటే ఇంకొకర్ని పంపేవారు. మెయిను ఆపేశాక కూడా తీగ ముట్టుకునే ముందు చాలాసేపు నిలబడిపోయేవారు. ఒకరోజు వార్డులో ఫ్యాను బిగించడానికి నిచ్చెన ఎక్కి, తీగ ముట్టుకోలేకపోయారట. దిగి వచ్చి, నావల్ల కాదని రాసిచ్చేశారు. ఇంటికొచ్చి టెస్టరు జేబులోంచి తీసి వంటింటి అలమరలో, అగ్గిపెట్టెల పక్కన పెట్టారు. దాన్నెందుకు అక్కడ పెట్టారని నేను అరిస్తే, ఇక అది ఎక్కడుంటే ఏమిటన్నారు.

ఇప్పుడు ఆయన బ్యాగులు కుడతారు. బడిపిల్లల సంచులు, జిప్పులు పోయిన తోలు సంచులు. ఇంటి ముందు గదే దుకాణం. పనిమంతుడి చెయ్యి కదా, అదీ బాగానే పట్టుబడింది. కుట్టుమిషనుతో పాటు దానికి తగిలించే చిన్న మోటారు కూడా వచ్చింది. అది అట్టపెట్టెలోనే ఉంది. ఆయన కాలితోనే తొక్కుతారు. సాయంత్రానికి మోకాళ్ళు పట్టేస్తే నేను నూనె రాస్తూ, ఆ మోటారు బిగించుకోవడానికి ఏం రోగం అని తిట్టేదాన్ని. నాకు ముక్కు మీద కోపమని అందరికీ తెలుసు. కాలితో తొక్కితేనే కుట్టు చక్కగా పడుతుంది అనేవారు. మా ఇంట్లో బల్బు పోతే పక్క వీధి నుంచి ఎలక్ట్రీషియన్ని పిలిపించేవాళ్ళం. ఒకప్పుడు ఆసుపత్రికంతా వెలుగిచ్చిన మనిషి, వాడు వచ్చేదాకా చీకట్లో కూర్చునేవారు.

మా తమ్ముడేమో ఎదిగాడు. మొత్తం నెట్‌వర్కుకు పెద్ద అయ్యాడు. ఆదివారాలు వచ్చేవాడు, బావ కుట్టిన సంచిలోనే కంప్యూటరు పెట్టుకుని తిరిగేవాడు. నలుగురిలో ఆయన్ని గౌరవంగా చూసేవాడు. క్షమించినవాడు క్షమ పొందినవాణ్ణి ఎలా చూస్తాడో అలా. ఆ తేడా నాకు అప్పట్లో తెలియలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ మధ్య ఆసుపత్రిలో ఆ గదిని ఇంకో అంతస్తుకు మార్చారు. మా తమ్ముడు ముందురోజు ఏదో చిన్న వార్డుకు కొత్త దారి రాశాడు. పొద్దున పెట్టెను తన చేత్తోనే ఆపి, తన చేత్తోనే ప్లగ్గు పీకి, పైకి మోయించుకుని, మళ్ళీ తన చేత్తోనే పెట్టాడు. పచ్చ దీపాలన్నీ వెలిగాయి. కాసేపటికి ఆ వార్డు నుంచి ఫోను వచ్చింది, ఏమీ పనిచెయ్యడం లేదని. పట్టిక తెరిచాడు. దారులన్నీ ఉన్నాయి. నిన్న రాసిన వరుస ఒక్కటే లేదు.

వాడే చెప్పాడు నాకు. కరెంటు దెబ్బేమో అన్న మాట ముందుగా నోటిదాకా వచ్చిందట. గదిలో చుట్టూ చూశాడు. కరెంటు ముట్టుకున్నవాడు తను తప్ప ఇంకెవరూ లేరు. నిన్న సాయంత్రం ఎవరో పిలిస్తే సేవ్ చెయ్యకుండానే లేచి వెళ్ళిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. దాని వెనకే ఆ పాత సోమవారం గుర్తొచ్చింది. అదే ఖాళీ, అదే చోట. ఆ వరుస మళ్ళీ టైపు చేసి, సేవ్ చేసి లేచాడట.

తిన్నగా మా ఇంటికి వచ్చాడు. వీధి మలుపు దగ్గర ఎవర్నీ దారి అడగలేదు. మా ఆయన మిషను తొక్కుతున్నారు. వాడు ఎదురుగా స్టూలు మీద కూర్చుని అంతా చెప్పాడు, నాకు వినపడేలాగే చెప్పాడు. తప్పు నీ చేతిది కాదు బావా, నేను సేవ్ చెయ్యలేదు అన్నాడు. మా ఆయన కాలు ఆపి చిన్నగా నవ్వారు. నామీద జాలితో అంటున్నావు అన్నారు. అప్పుడు చేశాననుకున్నావు, ఇప్పుడు చెయ్యలేదనుకుంటున్నావు, రెండూ అనుకోవడమే కదా అన్నారు.

వాడు స్టూలు ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

"కరెంటు దెబ్బ తగిలితే పట్టికంతా చెదరాలి కదా బావా. దారులన్నీ ఉండి, ఆఖర్న రాసిందొక్కటే ఎందుకు పోతుంది? నీ చెయ్యి ఆ ఒక్క వరుసనే ఏరి ఎలా తీస్తుంది?"

మా ఆయన నవ్వు పోయింది. చేతిలోని సంచి పక్కన పెట్టారు.

"ఈ మాట ఆ రోజు నీకు తోచలేదా?" అన్నారు.

మా తమ్ముడు తోచలేదని చెప్తే ఆ గదిలో ఎవరం కాదనేవాళ్ళం కాదు.

"తోచింది బావా. పెద్ద డాక్టరు గదిలో కూర్చున్నప్పుడే తోచింది. అప్పటికే చేశానని నీతో అనేశాను. ఇంక దానిమీద ఆలోచన పోనివ్వలేదు."

నేను ఆ పూట వాణ్ణి చెడామడా తిట్టాను. నాకు గుర్తున్న తిట్లన్నీ అయిపోయాక మళ్ళీ మొదటినుంచి తిట్టాను. ఆయన మోకాళ్ళ గురించి తిట్టాను, చీకట్లో కూర్చున్న సాయంత్రాల గురించి తిట్టాను. ఆయన్ని క్షమించి భుజం మీద వేశాడే చెయ్యి, అదే అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది, దానికి తిట్టు దొరకలేదు. వాడు తల ఎత్తలేదు. మా ఆయన మధ్యలో ఒక్కసారి, ఇంక చాలు, వాడికి భోజనం పెట్టు అన్నారు. పెట్టాను. ముగ్గురం తిన్నాం. ఎవరం ఏం తిన్నామో ఎవరికీ తెలీదు.

మర్నాడు మా తమ్ముడు ఆసుపత్రికి వెళ్ళి పెద్ద డాక్టరుకు జరిగింది చెప్పాడు. అప్పటి ఆయన వెళ్ళిపోయారు, ఇప్పుడున్నాయనకు ఆ సోమవారం సంగతే తెలీదు. పాతవాళ్ళను పోగేసి క్యాంటీనులో అందరిముందూ చెప్పాడు. హెడ్ నర్సు కళ్ళు తుడుచుకుందట. చూడండి, బావ బాధపడుతున్నాడని తప్పు తనమీద వేసుకుంటున్నాడు, ఇలాంటి మనిషి ఎక్కడైనా ఉంటాడా అందట. కాదు, తప్పు నిజంగానే నాదే అని వాడంటే, ఇంకా ఎక్కువ మెచ్చుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఇలాగే ఉంటుంది. వాడు చెప్పిన పాత మాట ఆ జనంలో అంత గట్టిగా సేవ్ అయి కూర్చుంది. కొత్త మాట చెప్పినంతసేపే నిలిచింది.

ఇక మా ఆయన. ఆయన నమ్మారు. అందులో నాకు అనుమానం లేదు. ఆ రాత్రి పడుకునే ముందు, అయితే నేనేమీ చెయ్యలేదన్నమాట అని ఒకసారి అన్నారు. దుప్పటి కప్పుకుంటూ, ఆ పిల్ల ఏడుపు కూడా నావల్ల కాదన్నమాట అన్నారు. పొద్దున లేచి మోటారు బిగిస్తారని నేను ఎదురుచూశాను. పొద్దున లేచి మామూలుగానే మిషను తొక్కారు. అడిగితే, తెలియడం వేరు, చెయ్యి వేరు అన్నారు. కోపంగా అనలేదు. మోకాలి నొప్పి గురించి చెప్పినట్టు చెప్పారు.

పక్క వీధి ఎలక్ట్రీషియన్ని పిలవడం మాత్రం మానేశాం. ఇప్పుడు మా ఇంట్లో బల్బు పోయినా, బోర్డు మాడినా మా తమ్ముడే వస్తాడు. తనే చేస్తానని పట్టుబట్టాడు. వాడికి ఆ పని ఒక్క ముక్క రాదు. నేను నిచ్చెన పట్టుకుంటాను. మా ఆయన కింద నిలబడి, మెయిను ఆపావా, ఎర్ర తీగ అటు కాదు ఇటు, మర మరీ బిగించకు అని చెప్తుంటారు. ఒకప్పుడు ఒక చెయ్యే వెనక్కి పెట్టుకునేవారు. ఇప్పుడు రెండూ వెనకే ఉంటాయి.

మొన్న వరండాలో దీపం పోయింది. తమ్ముడు నిచ్చెన ఎక్కి ఎంతసేపటికీ దిగడు. ఒకే తీగను తీసి పెడతాడు, పెట్టి తీస్తాడు. కావాలనే చేస్తున్నాడని నాకు తెలిసిపోయింది. విసుగెత్తి దిగరా నేను చేస్తాను అని ఆయన అనాలని వాడి ఆశ. నేనూ నోరు మూసుకుని నిచ్చెన పట్టుకున్నాను. చివరికి వాడు నాచేత మెయిను వేయించి, కరెంటు వస్తోందో లేదో చూడాలి, టెస్టరు ఇవ్వు బావా అన్నాడు. నేను కదల్లేదు. మా ఆయన వంటింట్లోకి వెళ్ళి, అగ్గిపెట్టెల పక్కనున్న టెస్టరు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటూ వచ్చారు.

నిచ్చెన కింద నిలబడి కుడిచెయ్యి పైకెత్తారు. చేతిలో టెస్టరు సరిగ్గా తిరిగింది, మొన దీపం వైపు, తలమీద బొటనవేలు. ఎడమచెయ్యి దానంతటదే నడుం వెనక్కి వెళ్ళింది. పైన మా తమ్ముడు కదలకుండా, చెయ్యి చాపకుండా నిలబడ్డాడు. ఆయన ఆ బొటనవేలి వంక చూసుకున్నారు. తర్వాత టెస్టరును తిప్పి, పిడి వాడివైపు పెట్టి అందించారు.

"జాగ్రత్త" అన్నారు.

వాడు తీసుకున్నాడు. చూశాడు. కరెంటు వస్తోంది అన్నాడు.